గరాజ్‌లో చెప్పిన ఓటు పాఠం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉన్నా, అది నాకు తెలియదన్న సంగతి నాకు తెలిసేది కాదు. ముప్ఫై మూడేళ్ళ వయసు, సిడ్నీ శివార్లలో స్కోఫీల్డ్స్‌లో ఇంకా రంగు వాసన పోని కొత్త ఇల్లు, సిటీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో బిజినెస్ ఎనలిస్టు ఉద్యోగం, చేతికొచ్చి ఏడాదైనా కాని ఆస్ట్రేలియా పౌరసత్వం. ఇన్ని ఉన్నవాడికి ఈ దేశ రాజకీయాల మీద అభిప్రాయాలు లేకపోతే ఎలా? ఆఫీసులో నా విశ్లేషణలు ఎవరూ పట్టించుకునేవారు కాదు (మా మేనేజరు నా రిపోర్టుల్లో మొదటి పేజీ దాటి చదివినట్టు ఆధారాలు లేవు). ఆ కొరత శనాదివారాల్లో మనవాళ్ళ ఇళ్ళలో భోజనాల దగ్గర తీర్చుకునేవాణ్ణి. ఇళ్ళ ధరలు ఎందుకు పెరిగాయి, రైళ్ళు ఎందుకు ఆలస్యమవుతున్నాయి, ప్రధానమంత్రి నిన్న అన్న మాటకు అసలు అర్థం ఏమిటి, అన్నిటికీ నా దగ్గర జవాబులుండేవి. మావాళ్ళు నన్ను ‘ఎనలిస్టుగారు’ అనేవారు. ఆ ‘గారు’ ఎందుకు తగిలించారో గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ ఏడు మా రాష్ట్ర ఎన్నికలూ, దేశమంతటికీ జరిగే ఎన్నికలూ రెండు నెలల తేడాతో వచ్చాయి. రాష్ట్ర ఎన్నికల్లో నేను జీవితంలో మొదటిసారి ఈ దేశంలో ఓటు వేశాను. ఇక్కడ అభ్యర్థుల పేర్ల పక్కన గడులుంటాయి. అందరికంటే ఎక్కువ నచ్చినవాడికి ఒకటి, ఆ తర్వాత నచ్చినవాడికి రెండు, అలా వరసగా అంకెలు వేసుకుంటూ పోవాలి. అయితే మా రాష్ట్ర ఎన్నికల్లో మాత్రం ఒక్క ‘ఒకటి’ వేసి తక్కిన గడులు వదిలేసినా ఓటు చెల్లుతుంది. ఆ సంగతి కాగితం మీదే రాసి ఉంది. చదివాను, ఒకటి వేశాను, బయటికొచ్చాను. అక్కడితో ఊరుకునే మనిషిని కాదు కాబట్టి ఆ ఒక్క అనుభవంతో ఒక సిద్ధాంతం తయారు చేశాను. రెండు, మూడు అంకెలు వేయించడమంతా పెద్ద పార్టీల మాయ అని, మన ఓటును మనకు తెలియకుండా ఇంకొకడికి చేరవేసే ఏర్పాటని, తెలివైనవాడు ఒకటి వేసి పెన్సిలు కింద పెట్టేస్తాడని.

“పెళ్ళిచూపులకెళ్ళి, ఈ అమ్మాయి కాకపోతే వాళ్ళ చెల్లెలు, ఆమె కూడా కాకపోతే పక్కింటావిడ కూతురు అని లిస్టు రాసిస్తామా?” అన్నాను ఒకరోజు మా ఆవిడతో.

“రాసిచ్చే రకాలు చాలామందే ఉంటారు” అంది, కూర కలుపుతూ. మా ఆవిడకు నా సిద్ధాంతాలతో వాదించే అలవాటు లేదు. విని, తన పని తాను చేసుకుంటుంది. ఆ పని ఏమిటో అప్పుడు నేను కనుక్కోలేదు.

దేశం ఎన్నికలు ఇంకో వారంలో ఉన్నాయనగా, కొత్తగా పౌరులైన మనవాళ్ళకు ఓటు వెయ్యడం నేర్పాలన్న సదుద్దేశం నాలో పుట్టింది. ఒక ఆదివారం అర్వో (మధ్యాహ్నాన్ని ఇక్కడివాళ్ళు అలా అంటారు), భోజనాలయ్యాక, మా గరాజ్‌లో కారు బయటికి తీసి కుర్చీలు వేశాను. ఆఫీసు నుంచి తెచ్చిన వైట్‌బోర్డు మీద ఆకుపచ్చ మార్కరుతో ఏడు గడులు గీశాను (ప్రతినిధుల సభకు వేసే ఓటు కాగితం ఆకుపచ్చగా ఉంటుంది, విషయం మీద నాకు అంత పట్టు). తొమ్మిదిమంది వచ్చారు. ఎనిమిదిమంది సమోసాల కోసం వచ్చారని ఇప్పుడు అనుకుంటున్నాను. తొమ్మిదో మనిషి మాత్రం నోటుపుస్తకం, రెండు పెన్నులు పట్టుకొని ముందు కుర్చీలో కూర్చుంది. ఆవిడే టీచర్ ఆంటీ.

టీచర్ ఆంటీ మా వీధిలోనే నాలుగిళ్ళ అవతల కూతురు, అల్లుడి దగ్గర ఉండేది. తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైంది. డెబ్భై దగ్గరపడుతుండగా ఇక్కడి పౌరసత్వం వచ్చింది. అరవై దాటినవాళ్ళకు పౌరసత్వ పరీక్ష ఉండదని తెలిసినప్పుడు ఆవిడ సంతోషించలేదు, నొచ్చుకుంది. “పరీక్ష లేకుండా పాస్ చేయడమేమిటమ్మా, మరీ అంత చేతకానిదాన్నా” అని, పరీక్ష పుస్తకం తెప్పించుకొని అట్ట నుంచి అట్ట వరకూ చదివింది. మన దేశంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఎన్నికల్లోనూ ఆవిడకు డ్యూటీ పడేది. ఎక్కడో ఊళ్ళో బడిలో బెంచీల మీద పడుకొని, తెల్లారి వందలమంది వేళ్ళకు సిరా పూసి, పెట్టెలకు సీళ్ళు వేసి ఇంటికొచ్చేది. “అందరిచేతా వేయించాను గానీ, నేను తీరిగ్గా నిలబడి ఓటేసుకున్నది ఎప్పుడబ్బాయ్” అనేది. ఈసారి తీరిగ్గా వేద్దామని ఆవిడ ఆశ.

నేను బోర్డు మీద మూడో గడిలో పెద్ద ఒకటి వేసి, “అంతే. ఇంక బయటికొచ్చెయ్యండి” అన్నాను.

టీచర్ ఆంటీ చెయ్యెత్తింది. “మిగతా గడులు ఖాళీగా వదిలేస్తే పర్లేదా అబ్బాయ్? మా అమ్మాయికొచ్చిన కాగితంలో అన్నీ నింపమన్నట్టు ఉంది.”

“అలాగే రాస్తారాంటీ. అది వాళ్ళ ఫార్మాలిటీ. మార్చిలో స్టేట్ ఎలక్షన్‌కి నేను ఒకటే వేశాను, ఏమీ కాలేదు.”

“ఆ ఎన్నికా ఈ ఎన్నికా ఒకటేనా మరి?”

“కంట్రీ ఒకటే కదాంటీ” అన్నాను. ఈ వాక్యం నేను నిజంగానే అన్నాను. అంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నోటుపుస్తకంలో ఏదో రాసుకొని కింద గీత గీసింది. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని చూసిన మనిషికి, ధీమాగా తప్పు చెప్పే పిల్లవాణ్ణి గుర్తుపట్టడం కష్టం కాదు. కాని నేను ఈ దేశంలో ఆమె కంటే ముందొచ్చినవాణ్ణి, ఇంగ్లిషు గబగబా మాట్లాడేవాణ్ణి. ఆ గౌరవం ఇచ్చింది.

పోలింగ్ శనివారం మా పేటలో ప్రైమరీ స్కూల్లో. మా ఆవిడ పొద్దున్నే వెళ్ళి వేసి వచ్చేసింది. నేను టీచర్ ఆంటీని స్వయంగా కార్లో తీసుకెళ్ళాను. ఆవిడ వెంకటగిరి చీర కట్టుకొని, ఒక ఫైలు నిండా పాస్‌పోర్టు, పౌరసత్వ పత్రం, కరెంటు బిల్లు, రెండు ఫోటోలు పెట్టుకొని వచ్చింది. గేటు దగ్గర రంగురంగుల టీషర్టుల్లో పార్టీల మనుషులు, ఏ గడిలో ఏ అంకె వేయాలో అచ్చువేసిన కార్డులు చేతిలో పెడుతున్నారు. నేను చెయ్యి అడ్డంపెట్టి, “తీసుకోకండాంటీ, కన్‌ఫ్యూజ్ చేస్తారు” అన్నాను. ఆవరణంతా, పోలింగ్ రోజు ఇక్కడ ఆనవాయితీగా అమ్మే మాంసం సాసేజ్‌లు కాలుతున్న వాసన. (మేము తర్వాత బ్రెడ్డులో ఉల్లిపాయలు మాత్రం పెట్టించుకొని తిన్నాం.) లోపల బల్ల దగ్గరున్న అమ్మాయి ఆవిడ పేరూ అడ్రసూ అడిగి జాబితాలో గీత గీసింది. ఆంటీ ఫైలు తెరిచింది. అక్కర్లేదంది ఆ అమ్మాయి. “ఏమీ చూడకుండానే ఇచ్చేస్తారా?” అని ఆంటీ నావైపు తిరిగి తెలుగులో ఆశ్చర్యపోయింది. ఇంతలో ఆ అమ్మాయి, ఈ ఎన్నికలో ఇంతకుముందెక్కడైనా ఓటు వేశారా అని అడిగింది. అందరినీ అడిగే ప్రశ్నే. టీచర్ ఆంటీ ముఖం ఎర్రబడింది. “నన్ను దొంగ ఓటు వేశావా అని అడుగుతోందా అబ్బాయ్?” సర్దిచెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. వేలికి సిరా పూయరని తెలిసి ఇంకోసారి నిరాశపడింది. పెన్సిలు ఇచ్చేసరికి, “పెన్సిలా? ఎవరైనా రబ్బరుతో చెరిపేస్తే?” అంది.

కాగితాలు ఇస్తూ ఆ అమ్మాయి నిదానంగా, ప్రతి మాటా విడదీసి చెప్పింది. ఆకుపచ్చ కాగితం మీద ప్రతి గడిలోనూ అంకె వెయ్యండి, ఒక్కటీ వదలకండి అని. నేను తల ఊపాను, విమానంలో సీటుబెల్టు గురించి చెబుతుంటే ఊపినట్టు. దుప్పటంత ఉన్న తెల్ల కాగితం, పైసభ అయిన సెనేట్‌ది, దానిమీద రాసినట్టే ఆంటీ పూర్తిచేసింది. ఆకుపచ్చ కాగితం దగ్గర ఆగింది. అట్టపెట్టె లాంటి చాటు వెనకనుంచి తల బయటికి పెట్టి, “అబ్బాయ్, ఇక్కడ కూడా అన్నిట్లోనూ వెయ్యమనే రాసుంది” అంది. పక్క చాటులోంచి నేను చూపుడువేలు ఒకటి పైకెత్తి చూపించాను. ఆవిడ ఒక క్షణం ఆ వేలును చూసింది. తల లోపలికి తీసుకుంది.

ఆ ఎన్నికల ఫలితం అందరూ అనుకున్నదానికి తలకిందులుగా వచ్చింది. టీవీలో పండితులంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. నాకు అంతకంటే కావలసిందేముంది? మరుసటి ఆదివారం కెల్లీవిల్‌లో డాక్టర్ అంకుల్ ఇంట్లో భోజనాలు. డాక్టర్ అంకుల్ది వరంగల్. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉన్నారు, మాలో సగంమందికి జ్వరాలకు ఫోన్లో మందులు చెప్పే పెద్దమనిషి. పెరట్లో బార్బెక్యూ పొయ్యి (ఇక్కడివాళ్ళకది ‘బార్బీ’) మీద పనీరు, మొక్కజొన్న కండెలు కాలుతున్నాయి. నేను దాని పక్కన నిలబడి మొదలుపెట్టాను. ప్రజలు మార్పు కోరలేదన్నాను, భద్రత కోరారన్నాను. పశ్చిమ సిడ్నీ మధ్యతరగతి మౌనంగా తీర్పు చెప్పిందన్నాను. మనవాళ్ళు ఇప్పుడిప్పుడే రాజకీయంగా మేల్కొంటున్నారని, మన బూత్‌లో మన ఓటే తేల్చిందని, అందులో మా గరాజ్ పాత్రను చరిత్ర ఎలా అంచనా వేస్తుందో తెలియదని కూడా అన్నాను. పనీరు ఒకవైపు మాడింది. ఎవరూ తిప్పలేదు, నా ప్రసంగం అంత బాగుందని నేననుకున్నాను.

డాక్టర్ అంకుల్ అంతా విన్నారు. ఆయన ప్రతి ఎన్నికకూ ఒక అభ్యర్థి తరఫున లెక్కింపు దగ్గర నిలబడి చూసి వస్తారని నాకు తెలియదు. “మంచిగ చెప్పినవ్ తమ్మీ. గరాజ్ల ఏం నేర్పినవ్?” అన్నారు.

చెప్పాను. నా సిద్ధాంతం పెళ్ళిచూపులతో సహా చెప్పాను.

ఆయన పటకారు పక్కన పెట్టారు. “అంటే గ్రీన్ పేపర్ల ఒక్క వన్ ఏసి మిగిలినయ్ ఖాళీ ఇడిసిపెట్టిన్రా అందరు?”

“అందరూ అంకుల్.”

“అది ఇన్ఫార్మల్ అయితది గదా బేటా.”

“అదే అంకుల్, ఇన్ఫార్మల్‌గానే” అన్నాను. “ఫార్మాలిటీస్ ఏమీ లేకుండా.”

డాక్టర్ అంకుల్ నావైపు చూసిన చూపు, రిపోర్టులో చెడు కనిపించినప్పుడు రోగివైపు చూసేది. “ఇన్ఫార్మల్ అంటే చెల్లదు. స్టేట్ల నడుస్తది, ఫెడరల్ల నడవది. నేన్ సూసిన బూత్ల గసొంటి పేపర్లు ఒక కట్ట పక్కకు పెట్టిన్రు. నాకు అర్థం కాలే, ఇంత నీట్‌గ ఒకటేసి ఎందుకు ఇడిసిపెట్టిన్రని. యు సీ, లాస్ట్ వచ్చినోని ఓట్లు తీసి వాళ్ళ సెకండ్ ఛాయిస్‌కు ఇస్తరు. అట్ల ఒకడు సగం దాటేదాంక. అందుకే అన్ని నింపాలె.”

నేను మా ఆవిడవైపు చూశాను, కనీసం ఒక మనిషైనా నాతోపాటు మునిగి ఉంటుందని. “నేను అన్నీ నింపాను” అంది మెల్లగా. “కాగితం మీద ఏముందో అది చేశాను. మీకు చెబితే బాధపడతారని చెప్పలేదు.”

అప్పుడు టీచర్ ఆంటీ గొంతు వినిపించింది. చెట్టు కింద కుర్చీలో ప్లేటు ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉంది. ఆవిడ అక్కడుందన్న సంగతే నేను మరిచిపోయాను. “చెల్లదంటే, అసలు లెక్కలోకే రాదా డాక్టరుగారూ?”

“రాదమ్మా.”

ఆవిడ ప్లేటు కింద పెట్టింది. “మా రోజుల్లో లెక్కింపులో చెల్లని ఓట్లు నేనే విడదీసి పక్కన పెట్టేదాన్ని” అంది, ఎవరితోనూ కాకుండా. “ఎవరో పాపం, చదువురానివాళ్ళు అనుకునేదాన్ని.”

ఆ మాట తర్వాత నేనింకేమీ విశ్లేషించలేదు. ఇంటికొచ్చాక క్లాసుకు వచ్చినవాళ్ళకు వరసగా ఫోన్లు చేశాను. ఒకాయన, “పోన్లే బ్రో, ఫైన్ అయితే పడదుగా” అని నిశ్చింతగా ఉన్నాడు (ఇక్కడ ఓటు వెయ్యకపోతే జరిమానా). ఇంకొకాయన, “నేను మీరు చెప్పేటప్పుడు ఫోన్లో క్రికెట్ చూస్తున్నా అన్నా. వినలేదు. అందుకని అన్నీ నింపేశా” అన్నాడు, క్షమాపణ చెబుతున్నట్టు. నా పాఠం వినని ముగ్గురి ఓట్లు చెల్లాయి. శ్రద్ధగా విన్న ఆరుగురివి చెల్లలేదు. గురువుగా నా స్థాయి అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. ఆ ఆరుగురిలో టీచర్ ఆంటీకి మాత్రం ఫోన్ చెయ్యలేదు. నడిచి వెళ్ళాను.

ఆవిడ వంటింటి బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను దారిలో తయారు చేసుకున్న మాటలన్నీ అప్పజెప్పాను. ఆవిడ పూర్తిగా విని, “నాదీ తప్పేలే అబ్బాయ్. కాగితం చదివాను. చదివి కూడా నీ వేలు చూశాను” అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే తేలిగ్గా ఉండేది. తర్వాత లేచి ఆ నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

నేను గీతలు గీసి చెప్పిన పాఠం ఒక పక్క పేజీలో ఉంది. ఇవతలి పేజీలో ఏడుగురు అభ్యర్థుల పేర్లు, ఎదురుగా ఒకటి నుంచి ఏడు వరకు ర్యాంకులు. పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కొక్కరికీ వ్యాఖ్య. ‘రెండు: ముసలివాళ్ళ మందుల ధర గురించి వివరంగా చెప్పింది. ఎక్కడి నుంచి ఖర్చు పెడతారో చెప్పలేదు.’ ‘నాలుగు: మాట నిదానం. మనిషి మంచివాడిలా ఉన్నాడు, విషయం చదువుకొని రాలేదు.’ ‘ఐదు: తలుపు కొట్టి మంచినీళ్ళడిగాడు. మర్యాద తెలుసు.’ ‘ఏడు: మనలాంటివాళ్ళు ఎక్కువైపోయామంటున్నాడు. ఏమైనా ఇతనే చివర.’ రెండు వారాలపాటు పోస్టు డబ్బాలో పడిన ప్రతి కరపత్రమూ నిఘంటువు పక్కన పెట్టుకొని చదివి, ఆవిడ ఆ వరస తేల్చింది. కాగితం ఆవిడను సరిగ్గా అదే అడిగింది. ఆవిడ దగ్గర జవాబు మొత్తం సిద్ధంగా ఉంది. మధ్యలో నేను వచ్చి, అక్కర్లేదు, ఒకటి చాలు అన్నాను.

నేను అంతవరకూ ఎన్ని అభిప్రాయాలు చెప్పినా, మా నియోజకవర్గంలో ఏడుగురు ఎవరెవరో నాకు తెలియదు. ఒక్కడి పేరు తెలుసు, అది కూడా వాడి బోర్డు మా మలుపులో ఉంటుంది కనుక. ఆంటీ నా ముందు చిక్కుడుకాయల గిన్నె జరిపింది. ఈనెలు తీస్తూ కూర్చున్నాను. “చివర్లో ఎవర్ని పెట్టాలన్నదే కష్టమబ్బాయ్, మొదటివాణ్ణి ఎవరైనా పెడతారు” అంది కాసేపటికి.

మూడేళ్ళ తర్వాతి ఎన్నికలకు ముందు పాఠం ఆవిడే చెప్పింది, వాళ్ళ హాల్లో. నేను టీ పెట్టాను. పోలింగ్ రోజు ఆవిడ పెన్సిలు పట్టుకొని పావుగంట నిలబడింది, వెనక లైనులో జనం కదులుతున్నా సరే. ఏడో గడి నింపాక కాగితాన్ని దూరంగా పట్టుకొని ఒకసారి చూసుకొని, మడతపెట్టి పెట్టెలో వేసింది. బయటికొచ్చి కారెక్కాక కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడింది, మోకాళ్ళు సహకరించడం లేదు, పోస్టులో ఓటు వేస్తోంది. కరపత్రాలు మాత్రం ఒక్కటి కూడా పారెయ్యనివ్వదట, కూతురి ఫిర్యాదు.

ఈ మధ్య నాకొకటి అనిపిస్తుంది. నీకు నచ్చినవాడు ఎవడని అన్ని దేశాలూ అడుగుతాయి. వాడు గెలవకపోతే మిగిలినవాళ్ళలో ఎవరితో సర్దుకుపోగలవని ఈ దేశం ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంది. ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మనకు నచ్చనివాళ్ళ మాట కూడా కొంచెం వినాలి. ఫలితం వచ్చిన మర్నాడు టీవీలో ‘ప్రజలు కోరింది ఇదే’ అని పండితులు చెబుతుంటే నేను వింటాను గాని, ఆ ప్రజల్లో సగంమంది మూడో ఇష్టమో నాలుగో ఇష్టమో ఇచ్చి రాజీపడి ఇంటికెళ్ళి ఉంటారని, కొందరి కాగితాలు విడిగా కట్టకట్టి ఉంటాయని నాకు తెలుసు. అది తెలిశాక గొంతు పెంచి మాట్లాడడం కుదరదు.

మొన్నటి ఎన్నికలయ్యాక ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఒకరింట్లో భోజనానికి పిలిచారు. ఆ ఇంటాయన కొత్తగా పౌరుడయ్యాడు, ముప్ఫై దాటినట్టు లేడు. బిర్యానీ చల్లారిపోతుండగా, ప్రజలు అసలేం కోరుకున్నారో అరగంటసేపు వివరించాడు. చివర్లో నావైపు తిరిగి, “మీరేమంటారంకుల్? మీకు పాలిటిక్స్ ఇంట్రెస్ట్ లేదా?” అన్నాడు. అంకుల్ అని నన్ను పిలవడం అదే మొదటిసారి కాదు, కాని ఆ రోజు తగలవలసిన చోట తగిలింది. కొంచెం ఉందని చెప్పి, పెరుగుపచ్చడి వేసుకున్నాను. అతని మాటల్లో మూడు తప్పులున్నాయి. సరిదిద్దాలనిపించలేదు, నవ్వాలనీ అనిపించలేదు. అతని ముఖంలో ఉన్న ఆ ధీమా కేసి చూస్తూ ఉండిపోయాను. అది నాకు మళ్ళీ రాదు, రాకపోవడమే అందరికీ మంచిది. కాని నిజం చెప్పాలంటే, అది ఉన్న రోజుల్లో తిన్నది హాయిగా అరిగేది.